తులంబెన్‌లో నా ఎడమ చెవి

నిన్న రాత్రే బాలి నుంచి వచ్చాను. అక్కడి తులంబెన్ తీరానికి ఎనిమిది మందిమి కలిసి ఫ్రీడైవింగ్‌కి వెళ్లాం, అంటే సిలిండర్ లేకుండా ఒక్క ఊపిరితో దిగడం. వీసా ఎయిర్‌పోర్టులోనే ఇచ్చారు, 5,00,000 రూపియా. ఊపిరి బిగబట్టడం కూడా అనుకున్నంత కష్టం కాదు, మొదటి సాయంత్రమే రెండు నిమిషాలు దాటాను.

అసలు కష్టం చెవులతో. 10 మీటర్ల లోతుకి ఒత్తిడి రెట్టింపవుతుంది, అందుకే దిగుతున్నంతసేపూ ముక్కు పట్టుకుని చెవుల్లోకి గాలి పంపుతూ ఉండాలి. విమానంలో చేసినట్టు ఛాతీ బలంతో ఊదితే, తలకిందులుగా దిగేటప్పుడు సరిగా పనిచేయదు. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే! నాలుగు మీటర్ల దగ్గర కుడి చెవి కీచుమని తెరుచుకునేది, ఎడమ చెవిలో మేకు దిగుతున్నట్టు నొప్పి. పైకొచ్చేసరికి మిగతావాళ్లంతా బోయ (నీటి మీద తేలే బుడగ, దిగే తాడు దానికే కడతారు) పట్టుకుని తమ వంతు కోసం నా మొహమే చూస్తుండేవాళ్లు. ఆరోసారీ అంతే. "ఇంకా గట్టిగా ఊదు, టైమవుతోంది" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్, అందరి ముందూ. సిగ్గుతో ఊదాను. రాత్రి ముక్కు చీదితే రక్తపు చార. అలా ఊదమనడం తప్పు, ఎవరితోనైనా వాదిస్తాను. నొప్పి మొదలైతే వెంటనే పైకి తిరగండి, ఎంతమంది ఎదురుచూస్తున్నా సరే. బోయకి ఎంతమందిని పెడతారో డబ్బు కట్టకముందే అడగండి. జలుబుంటే అసలు దిగొద్దు.

మర్నాడు క్లినిక్‌లో చెవి చూపించుకుని, గదిలోనే ఉండిపోయాను. గ్రూపులోని విశాఖ అక్క అద్దం తెచ్చి ఎదురుగా పెట్టింది. "పొట్టతో కాదు తమ్ముడూ, గొంతు మూసి నాలుక వెనక భాగంతో తొయ్యి, 'క్' అన్నట్టు" అంది. దీన్నే ఫ్రెంజెల్ అంటారట. పొట్ట కదలకుండా, పట్టుకున్న వేళ్ల మధ్య ముక్కు ఉబ్బితే వచ్చినట్టే. నాకు గంట పట్టింది. ఇంట్లో వారం ముందు నుంచే చేసుకుని వెళ్లండి, కానీ నీళ్లలో ఊపిరి బిగబట్టడం మాత్రం ఒంటరిగా ఎప్పుడూ వద్దు, స్విమ్మింగ్ పూల్‌లో కూడా.

నాలుగో రోజు లిబర్టీ ఓడ దగ్గరికి వెళ్లాం. 1942లో జపాన్ టార్పెడో తగిలి ఒడ్డుకు చేరిన ఓడ అది, 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రంలోకి జారిపోయింది. అక్క పైనుంచి నన్నే చూస్తోంది. ముందు కాళ్లు కిందకి పెట్టి తాడు పట్టుకుని దిగాను, తర్వాత తలకిందులుగా. నాలుగు మీటర్లు. ఐదు. నాలుకతో 'క్'. రెండు చెవులూ ఒకేసారి టక్‌మన్నాయి, కింద పగడాలు పట్టిన ఇనుప దూలాలు కనిపించాయి.