మంచు ఆరేదాకా

మా ఇంట్లో ఈసారి పండుగ లేదు. కార్తీకంలో అమ్మ పోయింది. ఏడాది తిరగలేదు కాబట్టి సకినాలకు బియ్యం నానబెట్టేది లేదు. హన్మకొండలో మా వాడకట్టంతా నువ్వులు, వాము వాసన. అది తట్టుకోలేక భోగికి మూడు రోజుల ముందు సంచి సర్దుకుని ఉట్నూరు బస్సు దారి పట్టాను. కేస్లాపూర్‌లో గోండుల నాగదేవత నాగోబాను చూడాలని అమ్మకు ఏళ్ల తరబడి కోరిక. వచ్చే ఏడు పోదామని ప్రతిసారీ వాయిదా వేసింది నేనే.

కరీంనగర్ దాకా సీటు దొరికింది. అక్కడి నుంచి లక్షెట్టిపేట దాకా నిలబడే ఉన్నాను. జన్నారం, ఆ తర్వాతి అడవి, ఏదీ సరిగా గుర్తు లేదు. ఉట్నూరులో లాడ్జి వాళ్లు 900 తీసుకుని, తాళం చేతికిచ్చాక గీజర్ పనిచేయదన్నారు. బకెట్ వేడినీళ్లకు 40 వేరే. పది డిగ్రీల లోపు చలిలో ఆ మాట వినేసరికి ఏడుపొచ్చినంత పనైంది. అంత చిన్న విషయానికి కళ్లల్లో నీళ్లేంటని నన్ను నేనే తిట్టుకున్నాను. ఈ రెండు నెలలుగా నాకు బాగా అలవాటైన పని అదే.

అమ్మ పోయిన రాత్రి పదకొండింటికి ఛాతీలో మంటగా ఉందిరా అంది. గ్యాస్ మాత్ర ఇచ్చి, మజ్జిగ తాగి పడుకోమన్నాను. నాలుగింటికి లేచి చూసేసరికి అయిపోయింది. చలికి రక్తనాళాలు బిగుసుకుని గుండె మీద భారం పెరుగుతుందని, షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి అజీర్తిలాగే ఉంటుందని తర్వాత డాక్టర్ ఓపిగ్గా చెప్పాడు. నన్ను ఓదార్చడానికే చెప్పాడు. నాకు మాత్రం ప్రతి మాటా నా మీద మోపిన నేరంలా వినపడింది. అప్పటి నుంచి రోజూ నాలుగింటికే మెలకువ వస్తోంది.

ఉట్నూరులో మర్నాడూ అంతే. ఆటో ఎక్కి ముత్నూరు దగ్గర దిగేసరికి ఆరు. చిమ్మచీకటి. డిసెంబర్ 21 దాటితే పగలు పెరుగుతుంది కదా అనుకుంటాం. పెరిగేది సాయంత్రం వైపు. పొద్దు పొడవడం మాత్రం జనవరి మూడో వారం దాకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. కేస్లాపూర్ లోపలికి పోవడానికి ఒక్క బండీ లేదు. రోడ్డు పక్కన నెగడు కనిపిస్తే అటు నడిచాను.

ఏడెనిమిది మంది ఆడవాళ్లు, పత్తి ఏరే కూలీలు. కొందరు గోండీలో, కొందరు మరాఠీలో మాట్లాడుకుంటున్నారు. ఒక పెద్దావిడ నన్ను చూసి, "గింత చీకట్ల ఏడికి బిడ్డా? కూసో, చలి కాగు" అంది. కూర్చున్నాను. ఎదురుగా చేనులో పత్తి తెల్లగా మసక మసకగా కనిపిస్తోంది.

"పని ఎప్పుడు మొదలుపెడతారు?"

"మంచు ఆరినంక. తడి మీద ఏరితే ఆకు, చెత్త అంతా పత్తికే అంటుకుంటది."

నాకు వరంగల్ ఎనుమాముల మార్కెట్ గుర్తొచ్చింది. బస్తాలో తేమ మిషన్ గుచ్చుతుంటే నాన్న ఊపిరి బిగబట్టేవాడు. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనేటప్పుడు తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే అసలు కొనరు. అందుకే మా ఊళ్లోనూ పొద్దెక్కాకే చేన్లో దిగేవాళ్లు. నాకు తెలియని సంగతేమీ కాదు. కానీ ఆమె ఆ మాట అన్న తీరు కొత్తగా అనిపించింది. కిలో లెక్కన కూలి వచ్చే మనిషి, పని ఆగిపోయి కూర్చుంది. తొందర లేదు, తప్పు చేస్తున్నానన్న బాధా లేదు. మంచు ఉంది కాబట్టి కూర్చుంది, అంతే. పొద్దున లేవలేక మంచం మీదే పడి ఉన్న ప్రతి రోజూ నేను నాకు ఎన్ని పేర్లు పెట్టుకున్నానో!

ఆమె జొన్నరొట్టె నిప్పు మీద వెచ్చచేసి, కారం వేసి సగం తుంచి ఇచ్చింది. ఆ రొట్టె తింటూ ఎందుకు చెప్పానో తెలియదు గానీ, అమ్మ సంగతంతా చెప్పేశాను. మాత్ర, మజ్జిగ, నాలుగింటికి లేచి చూడటం, అన్నీ.

ఆమె నెగడులోకి ఒక కట్టె తోసింది. "కడుపు మంటంటే కడుపు మందే ఇస్తరు బిడ్డా. నీకెట్ల ఎర్కైతది?"

అంతకుమించి ఏమీ అనలేదు. కూతురి గురించో, దూడ గురించో పక్కావిడతో మాటల్లో పడింది. తొమ్మిది దాటాక చెయ్యి చాపి ఒక పత్తి కాయను ముట్టి చూసి లేచింది. "ఉండేటట్టుంటే మంట ఆర్పకు. పోయేటప్పుడు మట్టి పొయ్యి" అని చేన్లోకి దిగింది. నేను ఇంకో గంట అక్కడే కూర్చున్నాను.

కేస్లాపూర్‌లో జాతర సందడి అప్పుడే మొదలవుతోంది. నాగోబాను కొలిచే గోండు మెస్రం వంశస్థులు గోదావరి నీళ్లతో ఇంకా దారిలోనే ఉన్నారట. పుష్య అమావాస్య అర్ధరాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు పూజ. దానికి ముందు మర్రిచెట్ల కింద, ఆ ఏడు పోయిన తమవాళ్ల పేరిట తూమ్ పూజలు చేస్తారని, పూజ అయ్యాక కొత్త కోడళ్లను దేవుడికి చూపిస్తారని గుడి దగ్గర ఒక పెద్దాయన చెప్పాడు. పోయినవాళ్లూ, కొత్తగా వచ్చినవాళ్లూ ఆ నాలుగు రోజుల్లోనే. ఆ మర్రిచెట్ల కిందికి పోయి అమ్మను తలుచుకున్నాను.

అక్కడి నుంచే అక్కకు ఫోన్ చేశాను. దినాలైన తర్వాత నేను ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఏమంటుందోనని భయం. "అక్కా, ఆ రాత్రి ఛాతీ మంటంటే నేను గ్యాస్ అనుకున్న. నాకు తెల్వలేదు" అన్నాను.

చాలాసేపు మాట లేదు.

"నాకు సాయంత్రమే చెప్పింది రా. అల్లం రసం తాగమని ఫోన్ పెట్టేసిన. నీకెట్ల చెప్పాల్నో తెల్వక..."

ఇద్దరం ఏడ్చాం. కాసేపటికి తేరుకుని, "స్వెటర్ తీస్కపోయినవారా?" అని అడిగింది.