ఆదివారం నాలుగింటికి అయోవా సిటీలో

షికాగో పక్కనున్న నేపర్‌విల్ నుంచి అయోవా రాష్ట్రంలోని అయోవా సిటీకి కారులో మూడు గంటలు. మిసిసిపీ నది దాటాక దారంతా మొక్కజొన్న, సోయా చేలే. హోటల్ దగ్గరే ప్రాణం ఉసూరుమంది. ఆ శనివారం అయోవా యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందట. ఊరి జనాభా సుమారు 75 వేలు, కిన్నిక్ స్టేడియంలో 69 వేల పైచిలుకు మంది పడతారు! గది అద్దె మూడింతలు చేశారు, పైగా రెండు రాత్రులకు తక్కువైతే ఇవ్వరట. "ఇంత పోసింది కవిత్వం వినడానికా నాన్నా?" అన్నాడు మా అబ్బాయి. వినడానికి అక్కడ టికెట్ లేదురా, ఆ డబ్బే హోటల్‌కి కట్టామనుకో అన్నాను.

రాయడం నేర్పి డిగ్రీ ఇచ్చే రైటర్స్ వర్క్‌షాప్ ఈ యూనివర్సిటీలో 1936లో మొదలైంది. 1967లో కవి పాల్ ఎంగిల్, రచయిత్రి హువాలింగ్ నియె కలిసి ఇంటర్నేషనల్ రైటింగ్ ప్రోగ్రామ్ పెట్టారు. ఏటా ఆకురాలే కాలంలో ఎన్నో దేశాల రచయితలు వచ్చి ఇక్కడ కొన్ని వారాలు ఉంటారు. 1985లో ఓర్హాన్ పాముక్, 1998లో హాన్ కాంగ్, 2004లో మో యాన్ అలా వచ్చినవాళ్లే. ముగ్గురికీ తర్వాత నోబెల్ వచ్చింది.

శనివారం గురించి చెప్పడానికేమీ లేదు, ఎటు చూసినా ఆ జట్టు రంగులు, నలుపు పసుపు టీషర్టులే. నేను వచ్చింది ఆదివారం కోసం. డౌన్‌టౌన్‌లో ప్రెయిరీ లైట్స్ అని 1978 నుంచి నడుస్తున్న పుస్తకాల షాపు ఉంది. సాయంత్రం నాలుగింటికి మేడమీద కుర్చీలు వేశారు. వేదిక లేదు, బ్యానర్ లేదు, శాలువాలు లేవు. ఒకాయన రెండు నిమిషాల్లో పరిచయం చేసి పక్కకు తప్పుకున్నాడు. ముందు వర్క్‌షాప్‌లో చదువుతున్న ఒక అమ్మాయి తన కథ చదివింది. ఆ తర్వాత విదేశం నుంచి వచ్చిన కవయిత్రి అదే మైకు దగ్గర నిలబడి, ఒక కవిత తన భాషలోనూ ఆ వెంటనే ఇంగ్లీషులోనూ చదివింది. ఇద్దరికీ ఇంచుమించు ఒకే సమయం. ఆ అమ్మాయి చదువుతున్నంతసేపూ కవయిత్రి ముందు వరుసలో కూర్చుని, కళ్లు తిప్పకుండా వింది.

నాకు గొంతు పట్టేసింది. గుంటూరు జిల్లాలో నేను తెలుగు చెప్పిన కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ల నాన్న మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. ఆ బస్తాల మీద ఆమె రాసిన కవిత ఇప్పటికీ నాకు నోటికొచ్చు. వార్షికోత్సవంలో చదివిద్దామని పేరు వేయించాను. అధ్యక్షుల వారి తొలిపలుకులు, ముఖ్య అతిథి ప్రసంగం, సన్మానాలు అయ్యేసరికి చీకటి పడింది. "టైం లేదు మాస్టారూ, పిల్లల ఐటమ్స్ తీసేద్దాం" అన్నారు. ఆ అమ్మాయి కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని బస్సుకి వెళ్లిపోయింది. మన సభల్లో ఇది రివాజు. కుర్రాళ్లు చప్పట్లు కొట్టడానికే రావాలి.

అయ్యాక నా పక్కన కూర్చున్న పెద్దావిడని పలకరించాను. రిటైరైన నర్సు, ఏళ్ల తరబడి ఈ ఆదివారాలకు వస్తోందట. మీ భాష ఏదని అడిగింది, తెలుగన్నాను. ఏదైనా చదవమంది. వేమన పద్యం ఒకటి చదివితే, అర్థం అడక్కుండా "ఇంకోసారి" అంది. మళ్లీ చదివాను. కథ చదివిన అమ్మాయి కూడా వచ్చి నిలబడింది.

తిరుగు దారిలో వాల్కాట్ దగ్గర పెద్ద ట్రక్ స్టాప్‌లో కాఫీకి ఆగాం. షికాగో నుంచి అయోవా సిటీకి బస్సుందేమో, టికెట్ ఎంతో మా అబ్బాయిని చూడమన్నాను. వచ్చే ఆదివారం వాడికి ఆఫీసు పనుందట. నేనొక్కణ్నే వెళ్తానన్నాను.