'ప్లెథోరా' పిచ్చి వదిలాక: నా ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ అనుభవం

ఐఈఎల్‌టీఎస్ అంటే విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష. మొదటిసారి రైటింగ్‌లో 9కి 6 వచ్చింది. లోపం గ్రామర్‌లో ఉందనుకుని నెల రోజులు టెన్సులు పట్టుకుని కూర్చున్నా. ఒకరోజు పాత ప్రాక్టీస్ వ్యాసాలు వరసగా చదివితే దొంగ దొరికాడు. ప్రతిదాంట్లోనూ 'ప్లెథోరా', 'మిరియడ్'. 'మెనీ' అని రాయడానికి నామోషీ మరి! మార్కుల్లో పావు వంతు పదసంపదకే కదా అని పెద్ద మాటలన్నీ కుమ్మరించేశా.

ప్లెథోరా ఒకప్పుడు వైద్యుల మాట. ఒంట్లో రక్తం మితిమీరడాన్ని అలా అనేవారు. ఆ 'మరీ ఎక్కువైంది' అనే వాసన ఇంకా పోలేదు. 'ఎ ప్లెథోరా ఆఫ్ రూల్స్' అంటే చక్కగా అతుకుతుంది. 'బెనిఫిట్స్' పక్కన కూడా వాడేవాళ్లున్నారు, తప్పనను గానీ నేను మానేశా.

'రన్ ద గామట్' (ఈ కొస నుంచి ఆ కొస దాకా అన్నీ ఉండడం) నన్ను ఇంకా ఏడిపించింది. గామట్ మధ్యయుగపు యూరప్ సంగీతం నుంచి వచ్చింది. అట్టడుగు స్వరం 'గామా ఉట్' పేరే పోనుపోను స్వరాల వరస మొత్తానికీ పేరైంది. అందుకే దాని వెనక 'ఫ్రమ్', 'టు' వస్తే ఆ రెండూ ఒకే తాడుకి రెండు కొసలై ఉండాలి. 'ఫ్రమ్ జాయ్ టు డిస్పెయిర్' బాగుంటుంది. నేనేమో 'ఫ్రమ్ పొల్యూషన్ టు ఫుట్‌బాల్' అని రాసిన ఘనుణ్ణి.

'అక్రాస్ ద బోర్డ్' అంటే 'రకరకాల' అనుకునేవాణ్ణి. కాదు, 'అందరికీ, అన్నిటికీ ఒకేలా' అని. ధరలో జీతాలో మొత్తంగా పెరిగినప్పుడు వాడాలి. 'ఇన్యూమరబుల్ ఇన్ఫర్మేషన్' మరో ఘనకార్యం. లెక్కపెట్టలేని నామవాచకానికి ఆ విశేషణం పెట్టకూడదు, 'ఎ వెల్త్ ఆఫ్ ఇన్ఫర్మేషన్' అనాలి. మిరియడ్ తర్వాత 'ఆఫ్' ఉన్నా లేకున్నా సరే, దానిమీద వాదించుకుని టైమ్ పాడుచేసుకోకండి. 'ఎవ్రీథింగ్ అండర్ ద సన్', 'ద స్కైజ్ ద లిమిట్' లాంటివి స్పీకింగ్‌కి దాచుకోండి. వ్యాసంలో అరిగిపోయిన రికార్డులా వినిపిస్తాయి.

తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నా. 'ఎ వైడ్ రేంజ్ ఆఫ్' అని రాస్తే వెంటనే అందులోంచి రెండైనా పేర్లు చెప్పాలి. తోచకపోతే ఆ మాట కొట్టేయాలి. రైటింగ్‌లో వ్యాసం రాసే భాగమైన టాస్క్ 2కి ఉన్నది 40 నిమిషాలు, రాయాల్సింది కనీసం 250 పదాలు. 'అన్‌లిమిటెడ్ ఆపర్చ్యూనిటీస్' అని గొప్పగా మొదలెట్టి ఒక్కటీ చూపించకపోతే పేరా అక్కడే కూలుతుంది. నా పాత వ్యాసాల్లో సగం అలా కూలినవే.

రెండోసారి పరీక్షలో 'ఎ వైడ్ రేంజ్ ఆఫ్' ఒక్కసారే వాడా, 'మెనీ' మాత్రం నాలుగుసార్లు. 7 వచ్చింది.