మేయరు గారికి కొట్టిన మొదటి అర్జీ

తిరుపతిలో నాది జిరాక్సు అంగడి. డీటీపీ కూడా చేస్తా, ఎక్కువగా అర్జీలే. 2007లో మా మున్సిపాలిటీ కార్పొరేషన్ అయిందిగానీ, ఎన్నికలు జరగక 2021 దాకా మేయరు కుర్చీలో మనిషే లేరు. అన్నేండ్లూ "కమిషనర్ గారి దివ్య సముఖమునకు" అనే కొట్టినా. ఆ మార్చిలో డాక్టర్ శిరీష మేయరైనాక ఒక పెద్దాయన వీధి కొళాయి కోసం అర్జీ రాయించుకోను వచ్చినాడు. "గౌరవనీయులైన మేయర్ గారికి" అని కొత్తగా కొట్టాల్సి వచ్చింది. కాపీ కొట్టను పాత ఫైలు ఒక్కటీ లేదు మరి.

మా బావది అనకాపల్లి. ఆయనకు మేయరంటే ఒకే మనిషి, సబ్బం హరి. 1995లో విశాఖ మేయరు, 2009లో అనకాపల్లి ఎంపీ.

ఆ 2009 మే 16 బాగా గుర్తుండాది. ఇక్కడ చిరంజీవి గెలిచినాడని అంగడి ముందర ఒకటే టపాసులు. అంతలో బావ ఫోను: "మీ చిరంజీవి గెలిస్తే గెలిచేడు, ఆయన బావమరిదిని మా హరి ఓడించీసేడు కదేటి!" అక్కడ ప్రజారాజ్యం తరఫున నిలబడింది అల్లు అరవింద్. 'బావమరిది' అని నొక్కి పలికింది మాత్రం నాకోసమే.

2014 ఫిబ్రవరిలో, సొంత ప్రభుత్వం మీదే అవిశ్వాసం నోటీసిచ్చిన ఆరుగురు సీమాంధ్ర ఎంపీలను కాంగ్రెస్ బహిష్కరించింది. అందులో హరి ఒకరు, మా పక్క రాజంపేట సాయిప్రతాప్ ఒకరు. విభజన వద్దని హరి అంతదూరం పోయినందుకు అప్పుడు మెచ్చుకున్నా. తర్వాత అప్పటి మా చిత్తూరు జిల్లా కిరణ్‌కుమార్ రెడ్డి పెట్టిన చెప్పుల గుర్తు పార్టీలో చేరి, విశాఖ లోక్‌సభకు నిలబడి, తీరా పోలింగు ముందర తప్పుకుని బీజేపీకి మద్దతన్నాడు. అది నాకిప్పటికీ మింగుడుపడదు. ఆయన్ని నమ్మి ఎండలో జెండా మోసినోళ్ల సంగతేంది? అడిగితే బావ పిల్లల చదువుల్లోకి దిగిపోతాడు. 2019లో హరిది భీమిలిలో తెలుగుదేశం తరఫున పోటీ, ఓటమి.

2021 మే 2న మా లోక్‌సభ ఉపఎన్నిక లెక్కింపు జరిగింది, గురుమూర్తి గెలిచినాడు. రెండు నెలలు తిరక్కముందే ఊరికి కొత్త మేయరు, కొత్త ఎంపీ. మర్నాడు వాళ్లిద్దరి పేర్లతో అర్జీ నమూనాలు కొట్టి పెట్టుకుంటా ఉంటే బావ ఫోను చేసినాడు. కరోనా.

"మా మేయరు పోయేడ్రా."

కొళాయి పెద్దాయన ఇంకో కాపీ కోసమని వచ్చి స్టూలు మీద కూర్చోనుండాడు. నేను ఫోను పెట్టేసినాక, మాస్కు కిందికి లాక్కుని, "దగ్గిరోళ్లా నాయనా?" అన్నాడు.