ఫ్రిజ్ మీది వాగ్దానం

గుంటూరులో మాది రెండు గదుల అద్దె ఇల్లు. వంటగది కుళాయి దసరా సెలవుల నుంచీ కారుతోంది. కింద గిన్నె పెడితే తెల్లారేసరికి నిండుతుంది, ఆ నీళ్లు కుండీలో కరివేపాకు మొక్కకి పోస్తాను. మొన్నటిదాకా ఆ కుళాయి మీద నాకు పెద్ద కోపమేమీ లేదు.

పోయిన శనివారం మంగళగిరిలో మా తోడికోడలి వాళ్ల కొత్త ఫ్లాట్‌కి గృహప్రతిష్ఠ ప్రార్థన. పాస్టర్‌గారు ప్రార్థిస్తుంటే అందరూ కళ్లు మూసుకున్నారు. నేను ఓరకంట వంటగది చూస్తున్నాను. అలా తోస్తే చప్పుడు లేకుండా మూసుకునే సొరుగులు! ఆమేన్ మాత్రం అందరికంటే గట్టిగా చెప్పాను.

ఇంటికొచ్చాక ఆ టప్ టప్ భరించలేకపోయాను. "పదకొండేళ్ల కాపురం, ఒక్క కుళాయి బాగుచేయించలేరా?" అని మా ఆయన మీద పడ్డాను. ఆయన ఏమీ అనకుండా సగం అన్నంలో లేచారు. చెయ్యి కడుక్కున్నదీ ఆ కుళాయి దగ్గరే.

మా ఫ్రిజ్ మీద ఒక కార్డు ఉంది. డిసెంబర్ 31 రాత్రి చర్చి ఆరాధనలో మా చిన్నాడికి వచ్చిన వాగ్దానం, అంటే కొత్త ఏడాదికని అందుకున్న బైబిల్ వచనం, ఫిలిప్పీయులకు 4:13. "సమస్తమును చేయగలను" అంటూ వాడు లెక్కల పుస్తకం మూసేస్తుంటాడు. ఆ రాత్రి నిద్రపట్టక దాని పై వచనాలు చదివాను. మార్కుల ఊసే లేదక్కడ. ఖైదులో ఉండి ఫిలిప్పీ ఊరి సంఘానికి ఈ ఉత్తరం రాసిన అపొస్తలుడు పౌలు, కడుపు నిండినా ఆకలేసినా తృప్తిగా ఉండటం "నేర్చుకొనియున్నాను" అంటున్నాడు. నేర్చుకున్నాడంటే, మొదట రాదనేగా! నాకు కాస్త ఊపిరాడింది. పైగా ఎపఫ్రొదితు అనే మనిషి చేత ఆ సంఘంవాళ్లు పంపినవాటిని ఆయన వద్దనలేదు, సంతోషంగా పుచ్చుకున్నాడు. తృప్తి అంటే ఆడవాళ్లు నోరు మూసుకుని సర్దుకుపోవడమే అన్నట్టు సాగే ప్రసంగాలు చిన్నప్పుడు చాలా విన్నాను. అవి నాకు అప్పుడూ ఎక్కలేదు.

సోమవారం నేనే ప్లంబర్‌ని పిలిచాను. వాషర్ మార్చాడు, అయిదు నిమిషాల పని. మా ఆయనకి సారీ చెప్పడానికి మాత్రం బుధవారం దాకా పట్టింది.

నిన్న తోడికోడలికి ఫోన్ చేసి, "వంటగది భలే ఉందక్కా" అన్నాను. "అవన్నీ సరేగానీ, మీ కరివేపాకు పిలక ఒకటి పట్రా, మా బాల్కనీ బోసిగా ఉంది" అంది. తెస్తానన్నాను. ఉన్నవి రెండు పిలకలు. పెద్దది ఇవ్వాలా, చిన్నది ఇవ్వాలా అని ఇంకా తేల్చుకోలేదు.