నాణెం చూపిన దారిలో ఒక రోజు

పొద్దున ఏడింటికి బయల్దేరేటప్పుడు తేల్చుకున్నది ఒక్కటే: ఎన్నింటికి వెనక్కి తిరగాలో. ఎక్కడికన్నది వదిలేశాను. ఆరున్నరకి చీకటి పడుతుందనుకుంటే చేతిలో ఉన్నవి పదకొండున్నర గంటలు. సరిగ్గా సగం 12.45 అవుతుంది. కాళ్లు అలిశాక నడక మందగిస్తుంది కాబట్టి 12.30కే గీత గీసుకున్నాను.

మొదట వచ్చిన బస్సెక్కి ఎనిమిదో స్టాపులో దిగాను. ‘నచ్చిన చోట దిగుదాంలే’ అనుకుంటే ఆ చోటు రాదు. కిటికీలోంచి చూస్తే ఏ వీధీ దిగేంత గొప్పగా అనిపించదు, ఈలోపు ఆఖరి స్టాపు వచ్చేస్తుంది. ఎన్నో స్టాపులో దిగాలో బస్సెక్కే ముందే అనుకోవాలి. దిగగానే చేయాల్సిన పని, తిరుగు బస్సు ఆగే చోటు చూసుకోవడం. వన్‌వే రోడ్డయితే అది ఎదురుగా ఉండదు, పక్క వీధిలో ఉంటుంది. ఆఖరి బస్సు వేళ అక్కడ రాసుంటే ఫోటో తీసుకోవాలి, లేకపోతే కండక్టర్‌ని దిగేటప్పుడే అడగాలి.

అక్కణ్ణుంచి నాణెం. బొమ్మ పడితే ఎడమ, బొరుసు పడితే కుడి. వరసగా నాలుగు సార్లు బొమ్మ పడిందంటే వీధుల్ని చుట్టి బయల్దేరిన మూలకే చేరతాం. నాకు రెండో గంటలోనే అదయింది. దీనికి లెక్క ఉంది: చదరంగా గీసినట్టున్న వీధుల్లో ఇలా 16 మలుపులు తిరిగితే, మొదలైన చోటుకి సుమారు నాలుగు వీధుల దూరంలోనే ఉంటాం. దూరం మలుపుల సంఖ్యకి వర్గమూలంలా పెరుగుతుంది. వీధి 250 మీటర్లయితే నడిచేది 4 కిలోమీటర్లు, జరిగేది కిలోమీటరు. దూరం పోవాలనుకునేవాళ్లకి నాణెం పనికిరాదు. దగ్గరున్నదాన్ని చూడ్డానికి దాన్ని మించింది లేదు.

అందుకే 12.30 గీతని చెరిపేశాను. తిన్నగా వెళ్లేవాళ్లకే ఆ సగం లెక్క. మలుపులు తిరిగేవాళ్లు మ్యాపులో స్టాపుకి ఉన్న దూరం చూసి, ఒకటిన్నర రెట్లు వేసి, గంటకి 4 కిలోమీటర్ల చొప్పున భాగించి, పైన అరగంట కలిపితే చాలు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే డేటా అక్కర్లేదు. ఫ్లైట్ మోడ్‌లో కూడా చాలా ఫోన్లలో జీపీఎస్ పనిచేస్తుంది, బ్యాటరీ మిగులుతుంది. నీళ్లు మాత్రం గంటకి అర లీటరు చొప్పున మోయాల్సిందే. బరువని తగ్గిస్తే ఎండెక్కాక కుతూహలమే ముందు చచ్చిపోతుంది.

అడగడంలోనూ పద్ధతుంది. ‘ఇటు చూడ్డానికేమైనా ఉందా?’ అంటే ‘ఏం లేదండీ’ అంటారు. రోజూ చూసేది ఎవరికీ చూడదగ్గదిలా అనిపించదు మరి. ‘సాయంత్రం నడకకి మీరెటు వెళ్తారు?’ అని అడిగితే చెయ్యి దానంతటదే లేస్తుంది. అలా లేచిన చెయ్యి వెంటే ఒక కాలవగట్టు ఎక్కాను. గట్టు మీద మలుపుల్లేవు, నాణెం జేబులోకి వెళ్లింది, దూరం మళ్లీ తిన్నగా పెరగడం మొదలైంది.

అక్కడ వెలుతురు ఇంకెంతసేపుందో చూడ్డానికి గడియారం కన్నా పిడికిలి నయం: సూర్యుడికీ నేల అంచుకీ మధ్య ఎన్ని పిడికిళ్లు పడతాయో లెక్కపెట్టాలి. చెయ్యి చాపి పట్టుకున్న పిడికిలి ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు కదులుతాడు, కాబట్టి నిట్టనిలువుగా దిగే చోట ఒక పిడికిలంటే 40 నిమిషాలు. ఏటవాలుగా దిగే చోట ఇంకా ఎక్కువే దొరుకుతుంది. మ్యాపులో స్టాపు 2 కిలోమీటర్లుంది, అంటే గంటా పావు. రెండు పిడికిళ్ల వెలుతురుండగా గట్టు దిగాను.