దూడను పట్టుకున్న చేతులు

ధనుర్మాసం డిసెంబరు 16న మొదలైతే, ఆండాళ్ తమిళంలో పాడిన తిరుప్పావైలోని పన్నెండో పాశురం 27న వస్తుంది. చలి ముదిరే రోజులు. ముప్పై పాశురాల్లోనూ నా మనసుకు బాగా దగ్గరిది ఇదే. చదివిన ప్రతిసారీ మా పశువుల పాక కళ్లముందుకు వస్తుంది.

కనైత్తిళంగత్తెరుమై కన్ఱుక్కిరంగి
నినైత్తు ములై వళియే నిన్ఱు పాల్ శోర
ననైత్తిల్లం శేఱాక్కుం నఱ్చెల్వన్ తంగాయ్

లేగదూడలున్న గేదెలు వాటి మీద జాలితో అరుస్తున్నాయి. దూడలను తలచుకోగానే పొదుగుల్లోంచి పాలు ఆగకుండా కారి ఇల్లంతా బురద చేస్తున్నాయి. అంతటి సంపన్నుడి చెల్లెలా, లేచి రావమ్మా అని గోపికలు పిలుస్తున్నారు. ఆ వెంటనే 'పనిత్తలై వీళ' అంటారు, మా తలల మీద మంచు కురుస్తోందని. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుల తులసివనంలో దొరికి, ఆ తోటలోనే పెరిగి, తండ్రి స్వామికి కట్టిన మాలలను ముందుగా తానే ముడుచుకున్న పిల్ల ఆండాళ్. తెల్లవారకముందే పని మొదలయ్యే ఇంటి చలి ఆమెకు బాగా తెలుసని ఈ మాట దగ్గర అనిపిస్తుంది.

మా ఇంట్లో దూడను పట్టుకోవడం నా పని. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఇంకా చీకటి ఉండగానే నాన్న లేపేవారు. గోనెపట్టా తలమీదుగా కప్పుకొని ఆయన వెనకే పాకలోకి వెళ్లేదాన్ని. దూడను విప్పగానే అది పరుగెత్తి పొదుగును కుమ్మి కుమ్మి తాగేది. అలా తాగితేనే గేదె చేపుతుంది. చన్నులు నిండి బిగుసుకోవడం, దూడ మూతి చుట్టూ నురగ తేలడం చూసి నాన్న "లాగు తల్లీ" అనేవారు. ఇక తలుగు పట్టుకుని లాగడం నా వంతు. దూడకు నాకంటే బలమెక్కువ. తాడు అరచేతుల్లో ఒరుసుకుని మంట పుట్టేది. లాగినదాన్ని తల్లి నాలుకకు అందేంత దూరంలో నిలబెట్టాలి. అది కనబడకపోతే గేదె పాలు బిగపట్టేస్తుంది. ఖాళీ చెంబులో మొదటి ధారలు చుయ్యిమని మోగేవి. నురగ పట్టాక ఆ చప్పుడు మెత్తబడేది. నాలుగో చన్ను ఎప్పుడూ దూడదే. నాన్న దాని జోలికి వెళ్లేవారు కాదు. ధనుర్మాసమంతా మొదటి చెంబు రామాలయంలో నైవేద్యానికి వెళ్లేది.

పాశురంలోని 'నినైత్తు' అనే మాట దగ్గర నేను ఆగిపోతాను. తలచుకొని అని అర్థం. మా పాకలో దూడ నోరు తగలాలి, నేను తాడు లాగాలి, నాన్న చేతులు ఆడాలి. అక్కడ ఇవేవీ లేవు. రాముడి వెంట వెళ్లిన లక్ష్మణుడిలా ఆ ఇంటివాడు కృష్ణుడి సేవలో పడి పాలు పితకడం మానేశాడని వ్యాఖ్యాతలు చెబుతారు. దగ్గర దూడ లేదు, పితికేవాడూ లేడు. అయినా తలపు ఒక్కటే చాలింది, పాలు కారిపోయాయి. భగవంతుడి దయ ఇలాంటిదేనని నేను నమ్ముతాను. మనం వెళ్లి అడిగేదాకా అది ఆగదు.

ఒక ధనుర్మాసంలో నాన్నకు జ్వరం వచ్చింది. లేవలేకపోయారు. అమ్మ ఆయన పక్కనే ఉంది. గేదె అరుపు విని ఒక్కదాన్నే పాకలోకి వెళ్లాను. లాంతరు వెలుగులో చూస్తే చన్నుల నుంచి చుక్కచుక్కగా పాలు కారుతున్నాయి. కింద పరిచిన గడ్డి తడిసి తెల్లగా మెరుస్తోంది. చెంబు తెచ్చి కూర్చున్నాను. నా చిన్న వేళ్లకు నాలుగు ధారలైనా రాలేదు. గేదె ఒక్కసారి కాలు విదిల్చింది, చెంబు దొర్లిపోయింది. గుడి మైకులో పాశురాలు మొదలయ్యాయి. నైవేద్యానికి పాలు పంపలేకపోయానని ఏడుపొచ్చింది. ఏం చేయాలో తోచక దూడను విప్పేశాను. తలుగు పట్టుకోలేదు. నాలుగు చన్నులూ దానివే. తోక ఆడిస్తూ, మధ్యమధ్య ఊపిరి పీల్చుకుంటూ తాగింది. తల్లి దాని వీపు నాకుతూనే ఉంది.

లోపలికి వెళ్లి నాన్న మంచం దగ్గర తలవంచుకుని నిలబడ్డాను. ఆయన దుప్పట్లోంచి చెయ్యి చాపి నా అరచెయ్యి అందుకుని తాడు గీతలను వేలితో తడిమారు.

"దూడ కడుపు నిండిందా తల్లీ?" అన్నారు.